బొడ్డెమ్మ దగ్గరి పెద్దపిల్ల

పీట మీద మట్టితో నాలుగు పలకల గద్దె కట్టి, దాని మీద అంతకంటే చిన్నది, దాని మీద ఇంకా చిన్నది, అట్లా ఐదు మెట్ల బొడ్డెమ్మను లేపడం చూసేవాళ్లకు సులువుగానే కనిపిస్తుంది. మూడో మెట్టు దగ్గరే అసలు సంగతి తెలుస్తుంది. తడి ఎక్కువైతే కింది మెట్టు పొట్ట ఉబ్బుతుంది, తక్కువైతే అంచులు పెళుసై రాలిపోతాయి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఏటా భాద్రపద మాసంలో ఈ పని చేసేది పద్నాలుగు, పదిహేనేళ్ల ఆడపిల్లలు. పగలంతా బడి. ఇంటికొచ్చాక మట్టిపని. ఆ తర్వాత వాకిట్లో చేరిన చిన్నపిల్లలకు అడుగు, చప్పట్లు, పాట నేర్పడం. రాత్రికి మళ్లీ పుస్తకాలు. వీధికి ఒకరుండే ఆ పెద్దపిల్ల పనితనం గురించే ఈ పరిచయం.

బతుకమ్మ గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. 2014లో తెలంగాణ ఏర్పడగానే అది రాష్ట్ర పండుగ అయింది. దానికి ముందు వచ్చే బొడ్డెమ్మకు అంత పేరు రాలేదు. భాద్రపద బహుళ పంచమితో మొదలై పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య, వచ్చేసరికి అది ముగుస్తుంది. కొన్ని ఊళ్లలో తొమ్మిది రోజులూ ఆడతారు, కొన్ని చోట్ల ఐదు రోజులు, కొన్ని చోట్ల మూడే. బతుకమ్మ ఆడవాళ్లందరిదీ. కొత్త కోడలు, అత్త, అవ్వ ఒకే వరుసలో కలుస్తారు. బొడ్డెమ్మ మాత్రం పెళ్లికాని పిల్లలది. తల్లులు అరుగుల మీద కూచుని చూస్తారు, పాటలో చరణం మరిచిపోతే అందిస్తారు. ఆట నడిపించేది మాత్రం పిల్లలే. అందుకే అక్కడ పెద్దరికం చిన్న వయసులోనే మీద పడుతుంది.

ఇంకో చిక్కూ ఉంది. బతుకమ్మకు సెలవులుంటాయి, బొడ్డెమ్మకు ఉండవు. 2025లో దసరా సెలవులు సెప్టెంబర్ 21న మొదలయ్యాయి. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ కూడా ఆ రోజే. అంటే బొడ్డెమ్మ ఆడిన సాయంత్రాలన్నీ దసరా సెలవులకు ముందే గడిచాయి. పదో తరగతి పిల్లకు ఆ నెల ఎంత బరువో ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ముందు మట్టి సంగతి చూద్దాం. బొడ్డెమ్మకు పుట్టమన్నే కావాలంటారు. పూజ మాట పక్కన పెట్టినా ఆ ఎంపికలో గట్టి ఆలోచన ఉంది. ఈ రెండు ప్రాంతాల్లో ఎక్కువ భాగం చెల్క నేల. ఎర్రటి ఇసుక, గరుసు కలిసిన ఆ మన్ను ముద్ద కట్టినా నిలవదు, ఆరితే పొడిపొడి అవుతుంది. చెదలు లోపలి నుంచి సన్నటి మన్నును రేణువు రేణువుగా పైకి తెచ్చి, తమ లాలాజలంతో అతికించి పుట్ట కడతాయి. అందులో గులకరాయి దాదాపు ఉండదు, జిగురు ఉంటుంది. వానలకు నానిన పుట్ట అంచు నుంచి తీస్తే పిసకడం కూడా తేలిక. ఈ మాటలన్నీ ఏ పిల్లకూ ఎవరూ పాఠంలా చెప్పరు. పోయినేడు పెద్దపిల్ల వెంట గంప పట్టుకుని పోయిన చిన్నది ఈ యేడు ఏ పుట్ట మన్ను మంచిదో తనే చెబుతుంది.

తెచ్చిన మన్నును పెద్దపిల్ల వెంటనే పీట మీద పెట్టదు. ముందు పిల్లల్ని చుట్టూ కూచోబెడుతుంది. అందరికంటే చిన్నవాళ్లకు వేరుముక్కలు, రాళ్లు ఏరే పని. కాస్త పెద్దవాళ్లకు చెంబుతో నీళ్లు అందించే పని. వేళ్లు కుదురుగా ఆడే పిల్లకు ముగ్గుపిండి చేతికిస్తుంది. చేతిలో పనిలేని పిల్ల కాసేపటికి ఏడుస్తుందని, లేదా పక్కపిల్ల జడ లాగుతుందని ఆమెకు తెలుసు. పిల్లల్ని పట్టి ఉంచడం ఎట్లాగో ఉపాధ్యాయ శిక్షణలో చాలా రోజులు చెబుతారు. ఇక్కడ అది మన్ను పిసుకుతుండగానే జరిగిపోతుంది.

కింది మెట్టు కట్టాక ఆగాలి. అది కాస్త బిగుసుకున్నాకే రెండోది. ఓపిక లేని పిల్లలు ఒకే సాయంత్రం ఐదూ లేపాలని చూస్తారు, తెల్లారేసరికి అది ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. నేర్పున్న పిల్ల ప్రతి మెట్టు గోడనూ పైకి పోతున్నకొద్దీ రవ్వంత లోపలికి వాలుస్తుంది. అప్పుడు పై బరువు అంచు మీద పడకుండా నడిమికి దిగుతుంది. తడి అరచేత్తో నిమిరి పగుళ్లు మూస్తుంది. ఆరాక పేడతో అలికి, జాజుతో ఎర్రగా పూసి, తెల్ల ముగ్గు దిద్దుతారు. అన్నిటికంటే పైన బియ్యం పోసిన చెంబు, దానిలో పూలు, ఆకులో పసుపు గౌరమ్మ. మెట్ల అంచుల వెంట తంగేడు, బీర, కట్లపూలు, ఆ పూటకు దొరికినవి. నాలుగు మూలలూ కంటికి సమంగా కనిపించాలి. కొలబద్ద ఉండదు. జానతోనో, తుంచిన పుల్లతోనో కొలుస్తుంది. ఆ పుల్లను నాలుగు వైపులా పెట్టి చూసుకునేటప్పుడు ఆమె ముఖంలో ఉండే పట్టుదలను గమనించండి. లెక్కల పరీక్షలో అదే ముఖం కనిపిస్తుంది.

అన్ని ఊళ్లలోనూ పీట బొడ్డెమ్మే ఉండదు. కొన్ని చోట్ల నేలలో చిన్న గుంట తీసి, చుట్టూ అలికి పూలు పేరుస్తారు. అది గుంట బొడ్డెమ్మ. పందిరి కింద నిలిపేది పందిరి బొడ్డెమ్మ. మెట్లను మరింత శ్రద్ధగా అంతస్తులు అంతస్తులుగా తీర్చేది అంతరాల బొడ్డెమ్మ. నాకు మాత్రం పీట బొడ్డెమ్మే ఇష్టం. పట్టుకుపోవడానికి వీలుండేది అదే గనుక, రోజూ కదిలించినా నిలిచేలా కట్టాలి. కట్టిన చేతి పస అందులోనే తెలుస్తుంది.

ఇక ఆట. బొడ్డెమ్మ చుట్టూ వలయంగా తిరుగుతూ, ముందుకు వంగి చప్పట్లు కొట్టి, లేచి ఒక అడుగు పక్కకు వేయడం. ఇంతేనా అనిపిస్తుంది. ఐదేళ్ల పిల్లకు ఈ మూడు పనులూ ఒకేసారి రావు. వంగితే అడుగు మరిచిపోతుంది, అడుగు వేస్తే చప్పట్లు ఆగిపోతాయి. పెద్దపిల్ల ముందు చప్పట్లు ఒక్కటే నేర్పుతుంది, నిలబడిన చోటే. పాట ఊపు చేతుల్లోకి వచ్చాక అడుగు కలుపుతుంది. వంగడం చివర. "వంగకు, ముందుగాల చప్పట్లు కొట్టు" అనే మాట ఆ వాకిళ్లలో పదేపదే వినిపిస్తుంది. కొన్ని ఊళ్లలో ఒకటే చప్పట్లు, కొన్ని ఊళ్లలో మూడు. అమ్మమ్మ ఊరి నుంచి వచ్చిన పిల్ల అక్కడి వరుసలో కొడితే వలయం తప్పుతుంది. అట్లాంటి పిల్లను బయటికి పంపరు. పెద్దపిల్ల తన పక్కన నిలబెట్టుకుని, చూసి కొట్టమంటుంది.

వలయంలో ఎవరిని ఎక్కడ నిలబెట్టాలన్నది అన్నిటికంటే సూక్ష్మమైన పని. చిన్నపిల్లలంతా ఒక చోట చేరితే అక్కడ వలయం లోపలికి కుంగి, బొడ్డెమ్మ మీదికి తోసుకొస్తుంది. అడుగు తెలిసిన పిల్ల, తెలియని పిల్ల, మళ్లీ తెలిసిన పిల్ల, ఇట్లా పేర్చాలి. పాట ఎత్తుకునే పిల్ల గొంతు గట్టిగా ఉండాలి, పల్లవి తిప్పేవాళ్లు ఎదుటి వైపు ఉండాలి. అందరూ ఒకే పక్కన ఉంటే ఆవలి వైపు పిల్లలకు తాళం అందదు. కొత్త పిల్ల వచ్చి చేరితే వలయం తెగకుండానే ఇద్దరు జరిగి చోటిస్తారు. ఆట ముగిశాక జోలపాట పాడి బొడ్డెమ్మను నిద్రపుచ్చుతారు. చెంగుచెంగున ఎగిరిన పిల్లల్ని మెల్లగా దించి ఇంటికి పంపడానికి ఇంతకంటే మంచి ఉపాయం నేనెక్కడా చూడలేదు. అటుకులో, బెల్లమో, నువ్వులో, ఏ ఇంటి నుంచి వచ్చిన పలారమైనా అందరి దోసిళ్లలో సమంగా పడాలి. పంచేదీ పెద్దపిల్లే. చివరికి మిగిలినదే ఆమె వంతు.

పెళ్లికాని పిల్లలు మంచి మొగుడు రావాలని బొడ్డెమ్మ ఆడతారని పెద్దలు చెబుతారు. ఆ నమ్మకం వాళ్లది. నేను ఒకటే అంటాను. బొడ్డెమ్మ ఆడే వయసు పెళ్లి వయసు కాదు. చట్టం 18 ఏళ్లంటుంది. అంతవరకూ ఆ పిల్ల ఆడాలి, చదవాలి, పదిమందిని ఆడించాలి.

బొడ్డెమ్మ ఆడే రోజుల్లోనే మరో తయారీ కూడా ఈ పిల్ల నెత్తిన పడుతుంది. దసరాకో బడి వేడుకకో కోలాటం. ఇది పాత విద్య. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప 'నృత్తరత్నావళి' రాస్తూ దేశి నాట్యాల్లో దండరాసకాన్ని చెప్పాడు. కర్రలు పట్టుకుని ఆడే నాట్యం అది. ఊళ్లలో కోలాటం నేర్పే గురువు ఈల ఊదితే కోపు మారుతుంది. కోపు అంటే ఒక అల్లిక, ఒక వరుస. తన కర్రలు రెండూ తనే కొట్టుకోవడం, పక్కవాళ్లతో కొట్టడం, తిరిగి వెనకవాళ్లతో కొట్టడం, కూచుని లేచి కొట్టడం, ఇట్లా ఒకదాని మీద ఒకటి పెరుగుతూ పోతాయి.

వీటన్నిటిలో కష్టమైనది జడకోలాటం. దాని దగ్గర కాసేపు ఆగాలి. పైన ఒకచోట కట్టిన తాళ్లు కిందికి వేలాడుతుంటాయి. ఒక్కో పిల్ల ఒక్కో తాడు కొస పట్టుకుంటుంది. పిల్లలు సరి సంఖ్యలో ఉండాలి, ఎనిమిదో, పన్నెండో, పదహారో. సగం మంది కుడికి తిరుగుతారు, సగం మంది ఎడమకు. ఎదురైన పిల్లను ఒకసారి బయటి నుంచి దాటాలి, తర్వాత ఎదురయ్యే పిల్లను లోపలి నుంచి. బయట, లోపల, బయట, లోపల. కింద కాళ్లు, కర్రలు కదులుతుంటే పైన జడ అల్లుకుంటూ దిగుతుంది. తాళ్లకు రెండు రంగులుంటే జడలోనూ ఆ రంగులు వరుస తప్పకుండా మెలికలు పడతాయి. ఒక్క పిల్ల ఒక్కసారి తప్పినా ఆ ముడి పైకి కనిపిస్తుంది. అక్కడితో జడ బిగుసుకుపోతుంది.

అల్లడం కంటే విప్పడం కష్టం. విప్పేటప్పుడు అందరూ వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పోవాలి. ఆఖరుసారి బయటి నుంచి దాటిన పిల్ల, తిరిగాక మొదటిసారి మళ్లీ బయటి నుంచే దాటాలి. చిన్నపిల్లలు తప్పేది ఇక్కడే. అల్లిక ఎట్లా మొదలుపెట్టారో విప్పడం కూడా అట్లాగే మొదలుపెడతారు. దీనికో ఉపాయం ఉంది. దాటింపుల లెక్క బేసి సంఖ్య దగ్గర ఆపితే, మొదటి దాటింపు ఎట్లా ఉందో చివరిదీ అట్లాగే ఉంటుంది. అంటే పిల్ల అల్లిక మొదట్లో బయటి నుంచి పోయి ఉంటే విప్పేటప్పుడూ బయటి నుంచే మొదలుపెట్టవచ్చు. చిన్నపిల్ల అలవాటు తప్పు కాకుండా, అదే ఒప్పయ్యేలా ఆట ఆపే చోటును ఎంచుకోవడం ఇది. సరి సంఖ్య దగ్గర ఆపితే పదహారు మందికీ తిరగేసి చెప్పాలి. లెక్కల పుస్తకంలోని సరి, బేసి సంఖ్యలకు ఇంత చక్కటి వాడకం ఇంకెక్కడ దొరుకుతుంది! ఈ కిటుకు తెలిసిన పిల్ల మనసులో దాటింపులు లెక్కపెట్టుకుంటూ, నోటితో పాట పాడుతూ, కంటితో అందరికంటే చిన్నపిల్లను కనిపెడుతూ ఉంటుంది.

ఒక పిల్ల ఆ పూట రాకపోతే జడ సాగదు. సరి సంఖ్య పోతుంది. ఇంకొకరిని పక్కన కూచోబెడితే ఆ పిల్ల మనసు విరుగుతుంది. అందుకే పెద్దపిల్ల తన పేరును ఏ తాడుకూ కట్టుకోదు. ఎవరి చోటు ఖాళీ అయితే అందులో తనే నిలబడుతుంది. అంటే కుడి వరుసా రావాలి, ఎడమ వరుసా రావాలి, లోపలి నుంచి మొదలుపెట్టడమూ రావాలి, బయటి నుంచి మొదలుపెట్టడమూ రావాలి. చివరికి వేడుక నాడు అందరూ వస్తే ఆమె పక్కనే నిలబడి తాళం వేస్తుంది. బహుమతి ఫోటోలో ఉండకపోవచ్చు. ఆ జడలో ప్రతి మెలికా మాత్రం ఆమెకు తెలుసు.

చదువు సంగతికి వస్తే, తెలంగాణలో పదో తరగతికి 2022-23 నుంచి ఆరు పేపర్ల పద్ధతి స్థిరపడింది. వాటికి ముందు ఏడాది పొడుగునా నిర్మాణాత్మక మూల్యాంకనాలు. పాఠంలో భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష, వీటన్నిటికీ మార్కులు. వర్షాకాలం చివరికి వచ్చేసరికి నోటు పుస్తకాలు పూర్తిచేయడం, ప్రాజెక్టులు అప్పగించడం మెడ మీద కూచుంటాయి. ఈ పిల్ల కాలాన్ని గంటలుగా పంచుకోదు, పనుల సందుల్లో పట్టుకుంటుంది. మొదటి మెట్టు ఆరేవరకు సాంఘికశాస్త్రం. చిన్నపిల్లలు ఇంకా చేరనంతసేపు రెండు లెక్కలు. గంప పట్టుకుని పుట్ట దగ్గరికి నడిచేటప్పుడు పద్యం. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక రాతపని. నిద్ర తగ్గుతుంది. ఆ మాట దాచి మెచ్చుకోవడం సరికాదు. ఇంటి పని, చెల్లెలి పని కూడా ఆమె మీదే వేసే ఇళ్లున్నాయి. అక్కడ ఈ సందులు కూడా మిగలవు.

పాలమూరులో ఆ సందులు అసలే లేకుండా పోయిన కాలం ఒకటుంది. గద్వాల, అయిజ చుట్టుపక్కల సీడ్ పత్తి సాగు పెరిగినప్పుడు, సంకర విత్తనం కోసం పువ్వు పువ్వుకూ చేత్తో క్రాసింగ్ చేయాల్సి వచ్చింది. సాయంత్రం మొగ్గ విప్పి అందులోని పుప్పొడి భాగాన్ని గోటితో తీసేస్తారు, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దుతారు. వానాకాలమంతా, నెలల తరబడి రోజూ ఇదే పని. దీనికి చిన్న వేళ్లే కావాలని ఆడపిల్లల్ని పెట్టారు. కూలి తక్కువ, చెప్పినట్టు వింటారు, ఇది అసలు కారణం. బొడ్డెమ్మ వచ్చే భాద్రపదం ఆ పని జోరుగా సాగే కాలమే. మొగ్గ విప్పడంలో ఆ పిల్లల వేళ్లు చూపిన ఒడుపు కూడా పనితనమే. దాన్ని వాళ్లకు పనికిరాని చోట, బడి మాన్పించి వాడుకున్నారు. బాలకార్మికుల్ని పనిలోంచి తీసి బడికి పంపే ఉద్యమాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆమె నడిపిన ఎం.వి. ఫౌండేషన్ ఒకే మాట మీద నిలబడింది: బడిలో లేని బిడ్డ ఎవరైనా బాలకార్మికులే. ఊరి యువతీ యువకులే కార్యకర్తలై, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడికి పంపేలా పెద్దల్ని ఒప్పించారు.

ఈ చరిత్ర తెలిసినవాళ్లకు, సాయంత్రం బడి సంచి అరుగు మీద పెట్టి పుట్టమన్ను పిసికే పదో తరగతి పిల్ల మామూలు దృశ్యంగా కనిపించదు. ఆ రెండు చేతులూ ఇప్పుడు ఆమెవే. పనీ ఆమె ఎంచుకున్నదే. ఆమె చుట్టూ తిరిగే చిన్నపిల్లలకు ఆమె ఒక కొలత. అక్క బడికి పోతుంది, అక్క రాత్రి చదువుతుంది, అక్క మనల్ని ఆడిస్తుంది. ఈ మూడూ ఒకే మనిషి చేయగలదని వాళ్లు వినక్కర్లేదు, రోజూ చూస్తున్నారు.

పెత్రమాస దగ్గరపడగానే బొడ్డెమ్మను చెరువుకో బావికో తీసుకుపోయి నీళ్లలో వదులుతారు. ఇన్ని రోజులు కట్టి, అలికి, దిద్దిన మెట్లు కాసేపట్లో కరిగిపోతాయి. ఆ వెంటనే బతుకమ్మ మొదలవుతుంది. తాంబాలంలో గుమ్మడాకు పరిచి తంగేడు, గునుగు, బంతి పేర్చే పని తల్లుల చేతికి పోతుంది. అన్నాళ్లూ వీధిని నడిపిన పిల్ల ఆ పూట అమ్మ పక్కన కూచుని గునుగు పూల కాడలు సమంగా కోసిస్తుంది. వలయంలో తన చోటు వెనక్కి జరిగినా గొణగదు. చిన్నపిల్లలు మాత్రం అమ్మల పక్కన నిలబడకుండా ఆమె చేతికిందికే వచ్చి చేరతారు.

ఈ మధ్య ఊళ్లలో పెద్ద స్పీకర్లు పెట్టి పాట వేస్తున్నారు. పాటకు ఆగే అవసరం లేదు, అది ఎవరికోసమూ నెమ్మదించదు. తప్పిన పిల్ల కోసం పాటను ఒక చరణం వెనక్కి తిప్పే పెద్దపిల్లకు అక్కడ చోటుండదు. అందుకే స్పీకరు పెట్టిన వాకిట్లో చిన్నపిల్లలు ఎగురుతారు గానీ నేర్చుకోరు. ఇది నా గట్టి అభిప్రాయం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ప్రాజెక్టు పనికి మార్కులు వేసే అధికారం మీ చేతిలో ఉంది. పుట్టమన్ను ఎందుకు నిలుస్తుంది, చెల్కమన్ను ఎందుకు రాలుతుంది అన్నది సామాన్యశాస్త్రం ప్రాజెక్టే. జడకోలాటంలో సరి, బేసి లెక్క గణితం ప్రాజెక్టే. ఊరి అవ్వల దగ్గర బొడ్డెమ్మ పాటలు రాసుకురావడం తెలుగు ప్రాజెక్టే. ఈ పిల్ల సాయంత్రం చేసే పనినే రాసి తెమ్మనండి, ఆమె రాత్రి నిద్ర ఒక గంట మిగులుతుంది. తల్లిదండ్రులకూ ఒక మాట. వచ్చే భాద్రపదంలో మీ ఇంటి పెద్దపిల్ల పుట్టమన్నుకు పోతానంటే వద్దనకండి. ఆ పూట గిన్నెలు మీరు తోముకోండి, లేదంటే ఆమె అన్నతో తోమించండి.